ప్రేమకు అడ్డుపడే శాపం ఎలా రాయాలి?

ప్రశ్న: నేను రెండేళ్లుగా ఐదుగురు స్నేహితులకు టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ నడుపుతున్నాను, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. నియమాలు కొన్ని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నుంచి తెచ్చుకున్నవి, మంత్రాల పద్ధతి చాలావరకు మేము సొంతంగా అల్లుకున్నది. కథలో ఒక సైనికుడు, ఒక వైద్యురాలు ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. రెండూ ఆటగాళ్ల పాత్రలే. వైద్యులు తన భర్తను బతికించలేకపోయారన్న పగతో రగిలిపోయే రాణి నా ప్రతినాయిక. ఆమె చేత వీళ్ల ప్రేమకు శాపం పెట్టించాలని మూడు రాసుకున్నాను: ప్రేమ ద్వేషంగా మారడం, ప్రేమించిన మనిషిని మరచిపోవడం, తాకితే చావు. మొన్నటి సెషన్‌లో మొదటిది ప్రయోగించాను. శాపాన్ని తట్టుకోవడానికి వేసే డైస్, అంటే సేవింగ్ త్రోలో వైద్యురాలు ఓడిపోయింది. "నీకు ఇప్పుడు అతనంటే అసహ్యం" అని చెప్పాను. ఆ పాత్ర ఆడుతున్న అమ్మాయి డైస్ పక్కన పెట్టేసి, ఆట ముగిసేవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను ఎక్కడ తప్పు చేశాను? ఇలాంటి శాపాలు ఎలా రూపొందించాలి? ఏ స్థాయిలో పెట్టాలి? విమోచనం ముందే చెప్పాలా, దాచాలా?

సమాధానం: మీ ఉత్తరం చదువుతుంటే, శాపాలకన్నా ముందు నా కళ్లు ఆ పక్కన పెట్టేసిన డైస్ దగ్గరే ఆగిపోయాయి. ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఈ ఆటలో లోకమంతా ఆట నడిపే గేమ్ మాస్టర్ చేతిలోనే ఉంటుంది. వాన మీది, రాణి మీది, కోట మీది, కోట గోడ మీద కావలివాడి దగ్గు కూడా మీదే. ఆటగాళ్లకు మిగిలేది ఒక్కటే: తమ పాత్ర మనసులో ఏముంది, అది ఏం చేయాలనుకుంటోంది. "నీకు అతనంటే అసహ్యం" అన్న క్షణంలో ఆ ఒక్కదాన్నీ మీరు తీసేసుకున్నారు. ఆ ఇష్టాన్ని ఆమె ఎన్నో సెషన్ల పాటు కొంచెం కొంచెంగా పెంచుకుని ఉంటుంది. గాయానికి కట్టు కడుతూ ఒక మాట, రాత్రి కాపలాలో ఇంకొక మాట. దాన్ని ఒక్క డైస్‌తో తుడిచేసి, ఆ చోట మీరు తయారుచేసిన మనసు పెట్టి, ఇక ఇది ఆడమన్నారు. ఆమె అలిగిందని నేను అనుకోవడం లేదు. ఆడటానికి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు.

కాబట్టి వచ్చే సెషన్‌కు ముందే ఆమెతో విడిగా మాట్లాడండి. శాపం ఎందుకు పెట్టారో వివరించడానికి తొందరపడకండి, ఆమెకు ఏం పోయిందో వినండి. ఆ సన్నివేశాన్ని వెనక్కి తిప్పి మళ్లీ ఆడదామా అని అడగండి. జరిగిపోయిన సన్నివేశాన్ని మార్చడం గేమ్ మాస్టర్‌కు పరువు తక్కువ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. రెండేళ్లుగా మీ బల్ల దగ్గరకు వస్తున్న మనిషి కన్నా ఒక సన్నివేశం ఎక్కువ కాదు.

ప్రేమ విషయంలో పాత్రకూ దాన్ని ఆడే మనిషికీ మధ్య గోడ చాలా పలచన. ప్రేమ విఫలం కావడం ఒకరికి మంచి కథ, పక్కనున్నవారికి ఇంకా పచ్చిగా ఉన్న గాయం. ఎవరికి ఏదో మీకు ముందుగా తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. ఇలాంటి ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ పరిచయం చేసిన 'గీతలు, తెరలు' పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. గీత అవతలిది అసలు కథలోకే రాదు. తెర వెనకది కథలో జరుగుతుంది గాని, వివరంగా ఆడరు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఇంకా సులువు: బల్ల మీద ఇంటూ గుర్తు రాసిన కార్డు ఒకటి ఉంటుంది, ఎవరు దాన్ని తాకినా, కారణం అడగకుండా ఆ విషయాన్ని అక్కడితో వదిలేస్తారు. మీ బల్ల మీద అది ఉండి ఉంటే, ఆ అమ్మాయి ఒక పూటంతా మౌనంగా కూర్చోవాల్సి వచ్చేది కాదేమో.

ఇక శాపం సంగతి.

ప్రేమ ఒక మనసులో పుట్టి, ఏదో ఒక దారిన ఇంకొక మనసుకు చేరాలి. మాట ఒక దారి. చూపు, స్పర్శ, పేరు, జ్ఞాపకం, ఉత్తరం, కానుక, కలుసుకునే వేళ, కలుసుకునే చోటు, ఇవన్నీ దారులే. శాపం వీటిలో ఒక దారిని మూసేయాలి. రెండు చివరలా ఉన్న మనసుల జోలికి పోకూడదు. దారి మూసుకుపోతే ఆటగాడు ఇంకొక దారి వెతుకుతాడు, ఆ వెతుకులాటలోనే మీకు నాలుగైదు సెషన్ల కథ దొరుకుతుంది. మనసే మారిపోయినవాడికి వెతకాల్సిన అవసరమే ఉండదు.

మంత్రాల పద్ధతిని మీరే అల్లుకున్నారు కాబట్టి 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఆట మీకు ఉపయోగపడుతుంది. అందులో ప్రతి మంత్రమూ 5 క్రియల్లో ఒకటి, 10 విషయాల్లో ఒకటి కలిసి తయారవుతుంది. పెర్డో అంటే నాశనం చేసే క్రియ. మెంటెమ్ అంటే మనసుకు సంబంధించిన విషయం. ఇమాజినెమ్ అంటే రూపం, శబ్దం లాంటి ఇంద్రియాలకు అందే విషయం. పెర్డో మెంటెమ్‌తో ఒకరిలోని ప్రేమను చెరిపేయవచ్చు, పెర్డో ఇమాజినెమ్‌తో ప్రియుడి గొంతును చెరిపేయవచ్చు. నియమాల ప్రకారం రెండూ సాధ్యమే. ప్రేమకు అడ్డుపడే శాపం ఏది రాసినా, నేను ఏ ఆట నడుపుతున్నా సరే, ఈ ప్రశ్న ఒకటి వేసుకుంటాను: ఇది మెంటెమ్‌లో పడుతోందా, ఇమాజినెమ్‌లో పడుతోందా? మెంటెమ్ అయితే కాగితం చింపేసి మళ్లీ మొదలుపెడతాను. అదే ఆటలో ఇంకొక మంచి ఏర్పాటు ఉంది. ఒకరి వెంట్రుక లాంటిది మాంత్రికుడి చేతిలో ఉంటే, ఎంత దూరాన ఉన్నా ఆ మనిషి మీద మంత్రం పనిచేయించవచ్చు. శాపానికి ఇలాంటి వస్తువు ఒకటి ఆధారంగా పెట్టారంటే, ఆటగాళ్లు వెతకడానికీ, దొంగిలించడానికీ, పోట్లాడటానికీ ఒక వస్తువు దొరికినట్టే.

నా బల్ల దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. నేను ఒక యోధుడికి పెట్టిన శాపం ఇది: "నువ్వు ప్రేమతో అన్న మాట ఆమె చెవిన పడదు." కోపంతో అంటే పడుతుంది, పని మీద అంటే పడుతుంది. ప్రేమతో అంటే మాత్రం పెదవులు కదలడమే కనిపిస్తుంది. ఏ మాట ప్రేమతో అన్నదో తేల్చేది ఎవరు? ఆ మాట అన్న ఆటగాడే. నాకు ఆ అధికారం లేదని మొదటి రోజే బల్ల ముందు చెప్పాను. శాపమంతా ఆ ఒక్క నియమం మీద నిలబడింది.

మొదట్లో ఆ అబ్బాయి దాన్ని ఒక పొడుపుకథలా తీసుకున్నాడు. ప్రతి మాటా విసుగ్గా అనడం మొదలుపెట్టాడు. "కాసేపు పడుకో, రేపు నడవలేకపోతే నిన్ను మోయడం నా వల్ల కాదు." అది ఆమెకు వినిపించేది. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ఆ విసుగు వెనక ఏముందో తెలుసు, ఆమె పాత్రకు తెలియదు. రెండు సెషన్లు ఇలా గడిచాయి. మూడో సెషన్‌లో కోట ద్వారం దగ్గర పోరాటం. ఆమె పాత్ర వెనక, గోడ మీద ఒక విలుకాడు లేచాడు. చూసింది ఇతనొక్కడే. "'వెనక్కి చూడు' అని అరుస్తున్నాను" అన్నాడు. నేను అడిగాను: "ప్రేమతో అరిచావా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. కాదంటే ఆమె వింటుంది, పక్కకు తప్పుకుంటుంది. చేతిలోని డైస్‌ను బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత ఆమె వైపు చూసి "అవును" అన్నాడు. బాణం తగిలింది, ఆమె పాత్ర ప్రాణంలో 11 పాయింట్లు పోయాయి. ఆమె పాత్ర వినని మాటను బల్ల చుట్టూ ఉన్న అందరం విన్నాం.

కాదని చెప్పి ఆమెను కాపాడినా నేను ఒప్పుకునేవాణ్ణి. అప్పుడు అది ఇంకో రకమైన ప్రేమ అయ్యేది: ఆమె కోసం ఒక్క క్షణం ప్రేమను పక్కన పెట్టగలిగిన మనిషి కథ. ఏ జవాబైనా అతనిదే. శాపం పరీక్షించింది, తీర్పు మాత్రం అతని చేతిలోనే వదిలింది. మీ రాణి శాపం మీ వైద్యురాలికి ఇవ్వాల్సింది ఇలాంటి క్షణం.

మన పురాణకథల్లో శాపాలు ఇన్ని తరాలు నిలబడ్డాయంటే, వాటిని అల్లినవారికి ఈ మెలకువలు తెలుసు. శకుంతల కథే చూడండి. మహాభారతంలో దుష్యంతుడికి ఏ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అతనికి అన్నీ గుర్తున్నాయి, లోకం ఏమనుకుంటుందోనని నిండు సభలో ఎరగనన్నాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం, ఉంగరం వచ్చి చేరాయి. దానితో రాజు మోసగాడు కాకుండా పోయాడు. శాపానికి ఈ శక్తి ఉంది, పాత్ర మీది నిందను తీసి పక్కన పెడుతుంది. మీ సైనికుడు యుద్ధానికి వెళ్లి చాలాకాలం తిరిగి రాకపోతే, అతను ఆమెను వదిలేశాడా, శాపం ఆపిందా అన్న సందేహం కథను నడిపిస్తుంది. కానీ ప్రతి తప్పునూ శాపం ఖాతాలో వేయడం మొదలైతే పాత్రలకు బాధ్యతే మిగలదు. నేనైతే ఆ మందును చాలా తక్కువ మోతాదులో వాడతాను.

ఆ నాటకంలో నాకు ఇంకా నచ్చేది వేరొకటి ఉంది. శాపం తగిలిన శకుంతల దాన్ని వినలేదు. విన్నది అనసూయ, ప్రియంవద. ప్రియంవద వెళ్లి బతిమాలితే, గుర్తుగా ఇచ్చిన ఆభరణం చూస్తే శాపం తీరుతుందని ముని చెప్పాడు. ఆ సంగతి చెలికత్తెలిద్దరూ తమలోనే దాచుకున్నారు. మీ బల్ల దగ్గర ఐదుగురున్నారు, ప్రేమలో ఉన్నది ఇద్దరే. మిగిలిన ముగ్గురూ ఆ ఇద్దరి సన్నివేశాలప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే మీ శాపం సగం విఫలమైనట్టే. శాపవాక్యం ఆ ముగ్గురిలో ఒకరికి వినిపించండి. ఒకరి దగ్గర ఆ ఆధారవస్తువు ఉండనివ్వండి. మాట చేరవేసేవాడు ఒకడు అవసరమయ్యేలా చేయండి. నేను చెప్పిన ఆటలో ఒక దొంగ పాత్ర ఉండేది. యోధుడి మాటలు మోసుకెళ్లే పని అతని మీద పడింది. రెండో రోజుకే అతను వాటిలో తన సొంత మాటలు కలపడం మొదలుపెట్టాడు. నేను రాయని కథ అది.

వాక్యం ఎలా ఉండాలన్నది కచుడి కథ నేర్పుతుంది. తన ప్రేమను కాదన్నందుకు, నువ్వు నేర్చుకున్న విద్య నీకు ఫలించదని దేవయాని శపించింది. నాకు ఫలించకపోతే నేను నేర్పినవారికి ఫలిస్తుందన్నాడు కచుడు. శాపం అక్షరాలా నిజమైంది, సందు కూడా అక్షరాల్లోనే ఉంది. అందుకే శాపాన్ని ఎప్పుడూ ఒకే వాక్యంగా రాసి, కాగితం మీద ఆటగాళ్ల చేతికివ్వండి. ప్రతి పదాన్నీ వాళ్లు తిరగేస్తారు. "నీ చేతితో" అంటే ఇంకొకరి చేతితో? "రాత్రివేళ" అంటే గ్రహణం పట్టిన పగలు? వాళ్లు కనిపెట్టిన సందు మీరు ఊహించనిదైనా, న్యాయంగా అనిపిస్తే ఒప్పుకోండి.

ఊర్వశి శాపం అర్జునుడికి అజ్ఞాతవాసంలో అక్కరకు వచ్చినట్టు, ప్రతి శాపంలోనూ పనికొచ్చే అంచు ఒకటి ఉంచడం కూడా మరవకండి. కేవలం నష్టమే అయితే ఆటగాళ్లు దాన్ని వదిలించుకోవడమే చూస్తారు. కాస్త లాభం కూడా ఉంటే, వదిలించుకోవాలా వద్దా అని వాదించుకుంటారు.

మీరు రాసుకున్న మూడింటి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ద్వేషంగా మారే శాపాన్ని పూర్తిగా వదిలేయండి, దాన్ని బాగుచేసే దారి నాకు కనిపించలేదు. మరపు శాపం ఆటగాడి పాత్ర మీద కష్టం. అతనికి అన్నీ తెలుసు, తెలియనట్టు నటించాలి. ఒక సెషన్ బాగుంటుంది, మూడో సెషన్‌కు అలసిపోతాడు. పైగా మరచిపోయినవాడికి బాధ ఉండదు, బాధంతా గుర్తున్నవారిది. మీరు నడిపే పాత్ర ఎవరైనా మరచిపోతే అది బాగా పండుతుంది. ఆటగాడే కోరుకుంటే తప్పకుండా ఇవ్వండి గాని, మరపులో ఒక చిల్లు ఉంచండి. ఆమె పేరు, ముఖం గుర్తులేవు, అయినా విడిది చేసిన ప్రతిచోటా అతని చేయి తనకు తెలియకుండానే రెండో దుప్పటి పరుస్తుంది. అంత చాలు.

తాకితే చావు అన్నది పాండురాజు శాపం. కిందముడు అతని కోరికను తీసేయలేదు, కోరిక తీరితే ప్రాణం పోతుందన్నాడు. చివరికి మాద్రి దగ్గర పాండురాజు తనంతట తానే ఆ గీత దాటాడు. కథగా గొప్పది. ఆటలో చావు అనగానే ఎవరూ గీత దాటరు, ఇద్దరూ బల్లకు చెరో చివర నిలబడిపోతారు. చావు బదులు, చెల్లించగలిగిన వెల ఏదైనా పెట్టండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మనిషిని ఒక ఆజ్ఞకు కట్టిపడేసే గియాస్ అనే 5వ స్థాయి మంత్రం ఇలాగే పనిచేస్తుంది. 2014 నాటి 5వ ఎడిషన్‌లో అది 30 రోజులు ఉంటుంది. ఆజ్ఞ మీరితే రోజుకు ఒకసారి, పది ముఖాల డైస్ 5 వేస్తే ఎంత వస్తే అంత మానసిక గాయం, సగటున 27.5. ఆ నియమాల్లో సామాన్యుడి ప్రాణం 4 పాయింట్లే కాబట్టి అతనికి అది చావే. ఆరితేరిన యోధుడు మాత్రం పళ్లు బిగించి, ఈ రోజు చెల్లిస్తానని అనగలడు. చెల్లిస్తానని అతను అన్నాడంటే, ఎంత ప్రేమిస్తున్నాడో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

స్థాయిల విషయం. అదే ఎడిషన్‌లో శాపం పెట్టే బెస్టో కర్స్ 3వ స్థాయి మంత్రం. మామూలుగా వేస్తే, వేసినవారి ఏకాగ్రత చెదరనంతవరకు, గరిష్ఠంగా 1 నిమిషం. 5వ స్థాయి స్లాట్ (రోజుకు ఇన్ని అని లెక్కగా ఉండే మంత్రం వేసే అవకాశం) వాడితే ఏకాగ్రత అక్కరలేకుండా 8 గంటలు, 7వ స్థాయితో 24 గంటలు, 9వ స్థాయితో ఎవరైనా తొలగించేవరకు. పోరాటానికి ఈ కొలత సరిపోతుంది, ప్రేమకథకు సరిపోదు, ఎందుకంటే 8 గంటల ఎడబాటు ఎవరినీ ఏడిపించదు. అందుకని మీ పద్ధతిలో, శాపం ఎన్ని దారులు మూస్తుందన్నదాన్ని బట్టి స్థాయి నిర్ణయించండి. ఇచ్చిన కానుక తెల్లవారేసరికి బూడిద కావడం చిన్న శాపం, ఊరి మంత్రగాడు కూడా పెట్టగలడు. గొంతు చేరకపోవడం నడిమి స్థాయి. ఇద్దరూ ఒకే చోట ఒక రాత్రి మించి ఉండలేకపోవడం రాణి లాంటివారికే సాధ్యం కావాలి.

అసలు చిక్కు తొలగించే మంత్రంతో వస్తుంది. రిమూవ్ కర్స్ కూడా 3వ స్థాయే. దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్ పాత్ర 5వ లెవెల్ చేరేసరికి అది చేతికొస్తుంది. మీరు నెలలు అల్లిన శాపాన్ని అతను ఒక్క స్పర్శతో ఊడ్చేస్తాడు. ఆ మంత్రం పనిచేయదని అనకండి, ఆ ఆటగాడు కష్టపడి సంపాదించుకున్నది అది. పెద్ద శాపాల మీద ఒక గంట ఉపశమనం ఇస్తుందని అనండి. అప్పుడు క్లెరిక్ ఆడేవారు ప్రతి సాయంత్రం లెక్క వేసుకోవాలి: మిగిలిన ఒక్క స్లాట్‌ను రేపటి పోరాటానికి దాచాలా, ఈ ఇద్దరికీ ఒక గంట మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలా? ప్రేమలో లేని ఆటగాడికి ప్రేమకథలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

డైస్ గురించి కూడా ఒక మాట. 15 చేరాల్సిన సేవింగ్ త్రోను 2 అదనంతో వేస్తే ఇరవై ముఖాల డైస్ మీద 13 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి. అంటే ఓడిపోయే అవకాశం 60 శాతం. ఒక్క దెబ్బలో తేల్చేయకుండా మూడు మెట్లు పెట్టి, మూడుసార్లూ వరుసగా ఓడితేనే శాపం పూర్తిగా పట్టుకునేలా చేస్తే ఆ అవకాశం 21.6 శాతానికి దిగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, శాపం దగ్గరకు వస్తోందని ఆటగాళ్లకు తెలుస్తుంది, తప్పించుకోవడానికో సిద్ధపడటానికో వేళ దొరుకుతుంది. పట్టిన తర్వాత దాన్ని దాటి ప్రేమను చేరవేయాలని చూసిన ప్రతిసారీ, 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట తరహాలో ఆరు ముఖాల డైస్ రెండు వేయించండి. 10 లేదా ఎక్కువ వస్తే చేరుతుంది, ఇది 36లో 6 సార్లు. 7 నుంచి 9 వస్తే చేరుతుంది గాని శాపం ఏదో ఒకటి తీసుకుంటుంది, ఇది 36లో 15. అంతకన్నా తక్కువైతే చేరదు, అదీ 15. ఆ మధ్య భాగమే మీకు కథను ఇస్తుంది.

దగ్గరగా ఉంటే దాడుల్లో బలం తగ్గే శాపాలు కూడా చాలామంది రాస్తారు. వాటి మీద సమయం పెట్టవద్దు. రెండు పోరాటాల తర్వాత అవి ఎవరు ఎన్ని గళ్ల దూరంలో నిలబడాలన్న లెక్కలైపోతాయి.

ఇక విమోచనం. అది ఉందన్న సంగతి ఆటగాళ్లందరికీ మొదటి రోజే చెప్పండి. అది ఏమిటో పాత్రలు వెతుక్కోవాలి, శాపవాక్యంలోనే దాని నీడ కనిపించాలి. తీరని శాపం కింద ఆడుతున్నామన్న అనుమానం వస్తే ఎవరూ మనసు పెట్టి ఆడరు. నిజమైన ప్రేమ ఉంటే తీరుతుందని మాత్రం రాయకండి. అలా రాస్తే వాళ్ల ప్రేమ నిజమో కాదో తేల్చే న్యాయాధికారి మీరవుతారు. పైనుంచి కిందిదాకా నేను వద్దంటున్నది అదే. విమోచనం పదిమందీ కళ్లతో చూడగలిగిన ఒక పని కావాలి, ఆ పనికి ఏదో ఒకటి వదులుకోవాలి. నా అనుభవంలో నాలుగైదు సెషన్లు సరైన గడువు, ఆ తర్వాత నొప్పి అలవాటైపోతుంది.

మీ రాణికి నేను రాసే శాపం ఇలా ఉంటుంది: "నువ్వు ప్రేమించినవాడి గాయం నీ చేతితో మానదు." భర్తను వైద్యులు బతికించలేకపోయారన్న ఆమె పగలోంచి అది తిన్నగా పుడుతుంది. సైనికుడు గాయపడిన ప్రతిసారీ మీరు వైద్యురాలిని ఒక్కటే అడుగుతారు: ఇతన్ని ప్రేమిస్తున్నావా? లేదంటే మంత్రం పనిచేస్తుంది. అవునంటే మంత్రం వృథా అవుతుంది, నెత్తురు ఆగదు, ఆ ఆగని నెత్తుర్ని సైనికుడు చూస్తాడు. జవాబు ఎప్పుడూ ఆమెదే. "నీ చేతితో" అన్న మాటలో కచుడి సందు ఉంది, తనకు తెలిసినదంతా ఆమె ఇంకొక ఆటగాడికి నేర్పి అతని చేత కట్టు కట్టించవచ్చు. పనికొచ్చే అంచూ ఉంది. ఎవడైనా సైనికుడి రూపం ధరించి వస్తే, వాడి గాయం మానిపోతుంది, దొరికిపోతాడు. విమోచనం రాణి దగ్గరే పెట్టండి: ఆమె మాననివ్వకుండా దాచుకున్న గాయానికి, ఆమె ఒప్పుకోగా, వైద్యురాలు కట్టు కట్టిన రోజున శాపం తీరుతుంది. ఒప్పించడానికి ఏం వదులుకుంటారన్నది వాళ్ల ఇష్టం.

దీన్ని బల్ల మీదికి తెచ్చే ముందు ఆ అమ్మాయికి ఒక్కదానికే చదివి వినిపించండి. ఒక పదం మార్చమంటే మార్చండి. ప్రేమకు శాపమే వద్దంటే, రాణి పగ తీర్చుకోవడానికి ఇంకొకటి చూసుకుందాం, మళ్లీ రాయండి.